ఖరీదైన కార్డు కొనమని పిల్లలకు చెప్పకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సెలవుల్లో పిల్లలు ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆటల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ వేశారు. అందులో పావు పేజీ డొమినియన్‌కు, దాని తరహా డెక్ బిల్డింగ్ కార్డు ఆటలకు, అంటే ఆడుతూనే ఎవరి పేక (డెక్) వాళ్లు కట్టుకునే ఆటలకు ఇచ్చారు. తెలుగు పత్రికలో ఈ ఆటల పేరు కనబడటమే అరుదు. అందుకు సంతోషమే. కానీ కొత్తవాళ్లకు మీరిచ్చిన సలహాలు పాటిస్తే పాపం ఆ పిల్లలు వరసగా ఓడిపోయి, పెట్టె అటక మీద పడేస్తారు. ప్రతి టర్న్‌లో డబ్బుకు అందే అతి ఖరీదైన కార్డు కొనమన్నారు. చివరికి పాయింట్లే లెక్క కాబట్టి మొదటి నుంచీ పాయింట్ కార్డులు పోగేయమన్నారు. యాక్షన్ కార్డులు ఎన్ని ఉంటే అంత మంచిదన్నారు. మొదటి రెండూ తప్పు. మూడోది సగం తప్పు.

ఈ మాట అనడానికి నువ్వెవరమ్మా అని మీరు అడగొచ్చు. మాది నెల్లూరు. పెళ్లయి మద్రాసు వచ్చిన దగ్గర్నుంచీ విల్లివాక్కంలోనే కాపురం. మొన్నమొన్నటి దాకా ఇక్కడి ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక మందుల హోల్‌సేల్ కొట్లో స్టాక్ చూసేదాన్ని. మా పుట్టింట్లో సంక్రాంతికి భోజనాలు కాగానే చాప పరిచి రమ్మీ వేయాల్సిందే, కాబట్టి ముక్కలు నాకు కొత్త కాదు. డొమినియన్ మా ఇంటికి తెచ్చింది మా అల్లుడు. శనివారం రాత్రి అల్లుడు, అమ్మాయి, వాళ్ల ఆఫీసు స్నేహితులు, పక్క ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే తమిళ కుర్రాడు, నేనూ బల్ల చుట్టూ చేరతాం. కొత్తగా ఎవరొచ్చినా నేర్పే పని నాదే. అల్లుడికి ఓపిక తక్కువ.

ఆట తెలియని పాఠకులకు ముందు నాలుగు మాటలు చెప్పాలి. డొనాల్డ్ ఎక్స్ వాకరినో తయారు చేసిన ఈ ఆట 2008లో వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీ వాళ్లు ఏటా ఇచ్చే ష్పీల్ దెస్ యారెస్ బహుమతి దీనికే వచ్చింది. రమ్మీలో పేక అందరిదీ. ఇక్కడ ఎవరి పేక వాళ్లదే. అందరూ ఒకేలాంటి పది కార్డులతో మొదలుపెడతారు. ఏడు కాపర్లు, మూడు ఎస్టేట్లు. కాపర్ ఒక నాణెం. ఎస్టేట్ చివర్లో ఒక పాయింటు, అప్పటిదాకా చేతిలో చోటు ఆక్రమించడం తప్ప ఏ పనీ చేయదు. ఐదు కార్డులు తీసుకుంటారు, ఒక యాక్షన్ (ఏదో ఒక పని చేసిపెట్టే కార్డు) వేస్తారు, బల్ల మీద పేర్చిన కుప్పల్లోంచి ఒక కార్డు కొంటారు. ఆ తర్వాత వాడినవి, వాడనివి, కొన్నది అన్నీ పక్క కుప్పలో పడేసి మళ్లీ ఐదు తీసుకుంటారు. తీసుకోవడానికి కార్డులు లేకపోతే పక్క కుప్పను కలిపి దాన్నే మళ్లీ వాడతారు. అంటే మీరు కొన్న ప్రతి కార్డూ తిరిగి తిరిగి మీ చేతికే వస్తుంది. ప్రావిన్స్ అనే ఆరు పాయింట్ల కార్డులు అయిపోయినా, బల్ల మీద ఏ మూడు కుప్పలు ఖాళీ అయినా ఆట ముగిసినట్టే. ప్రావిన్స్ ఖరీదు ఎనిమిది నాణేలు.

ఇక ఖరీదైన కార్డు సంగతి. మందుల కొట్లో కొత్తగా చేరినవాళ్లు అరలు నిండుగా కనబడితే వ్యాపారం బాగున్నట్టు అనుకుంటారు. కదలని సరుకు అరలో ఉంటే కదిలే సరుకు గోడౌన్‌లో వెనక్కి పోతుంది. కౌంటర్‌లో అడిగినవాడికి అందదు. డొమినియన్‌లో అర అంటే చేతిలోని ఐదు కార్డులే, ఆరో దానికి చోటు లేదు. అందుకే నేను నేర్పేటప్పుడు ముందు కాగితం, పెన్సిల్ తీస్తాను. పది కార్డుల్లో ఏడు నాణేలు, అంటే ఐదు కార్డుల చేతికి సగటున మూడున్నర. ప్రావిన్స్ కొనాలంటే ఐదు కార్డుల్లో ఎనిమిది రావాలి, అంటే కార్డుకు సగటున 1.6. డెక్‌లో అన్నీ కాపర్లే ఉన్నా చేతికి ఐదు దాటదు. కాబట్టి కాపర్, ఎస్టేట్ రెండూ సగటును కిందికి లాగేవే. ఈ ఒక్క లెక్క బుర్రకెక్కితే మిగతా ఆటంతా దానంతట అదే తెలుస్తుంది.

చాపెల్ అని రెండు నాణేల ఖరీదున్న కార్డు ఒకటి ఉంది. చూడటానికి అంత పేద కార్డు ఇంకోటి ఉండదు. డబ్బు ఇవ్వదు, కార్డులు ఇవ్వదు. చేతిలోంచి నాలుగు కార్డుల దాకా ఆట నుంచే తీసిపారేయడానికి మాత్రం వీలిస్తుంది. దీన్నే ట్రాష్ చేయడం అంటారు. మీ వ్యాసం ప్రకారం నాలుగు నాణేలు చేతిలో ఉన్నవాడు దీని వంక చూడనే చూడడు. ఇప్పుడు లెక్క వేయండి. మొదటి రెండు టర్న్‌లలో ఒక సిల్వర్, ఒక చాపెల్ కొన్నారనుకుందాం. సిల్వర్ రెండు నాణేలు ఇస్తుంది. పన్నెండు కార్డులు, తొమ్మిది నాణేలు, చేతికి సగటు 3.75. చాపెల్ వచ్చినప్పుడు మూడు ఎస్టేట్లూ ఒక కాపరూ పక్కనే ఉంటే, నాలుగూ తీసేయండి. మిగిలింది ఎనిమిది కార్డులు, ఎనిమిది నాణేలు. సగటు ఐదు. ఒక్క నాణెం కొత్తగా చేరకుండానే! అదే రెండు టర్న్‌లలోనూ సిల్వర్లే కొన్నవాడి సగటు 4.6 దగ్గర ఆగుతుంది. పైగా వాడి ఎస్టేట్లు ఆట అయ్యేదాకా వాడి చేతిలో తిరుగుతూనే ఉంటాయి.

ఇక్కడ ప్రతి కొత్తవాడూ ఒకటే అడుగుతాడు. పక్క ఫ్లాట్ కుర్రాడూ అడిగాడు.

"ఆంటీ, ఎస్టేట్ పాయింట్ కదా, ఎవరైనా పాయింట్లు పారేస్తారా?"

"మూడు ఎస్టేట్లు కలిపితే ఎన్ని పాయింట్లు?"

"మూడు."

"ప్రావిన్స్ ఒకటి ఎంత?"

"ఆరు."

"సగం ప్రావిన్స్ దాచుకోవడం కోసం ఆటంతా మూడు చచ్చిన కార్డులు మోస్తావా?"

కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి చాపెల్ కొన్నాడు, కానీ ఉత్సాహం ఎక్కువై కాపర్లన్నీ తీసేశాడు. డెక్‌లో సిల్వర్ ఒకటి, యాక్షన్లు రెండు మిగిలాయి. కొనడానికి డబ్బు లేక పిల్లాడు బిక్కమొహం వేశాడు. తీసేయడానికీ హద్దు ఉంది. తర్వాతి చేతిలో కనీసం ఒక సిల్వర్ కొనేంత మిగలాలి, అంటే మూడు నాణేలు. ఎస్టేట్లు ముందు పోవాలి, కాపర్లు ఒక్కొక్కటిగా, వాటి చోటులోకి సిల్వరో, మూడు నాణేలిచ్చే గోల్డో వస్తున్న కొద్దీ పోవాలి. రెండో చాపెల్ ఎప్పుడూ వద్దు. చెత్త తీసేశాక ఆ చాపెలే చెత్త.

చెత్తను తెచ్చుకోవడమూ అంతే. కాపర్ ఖరీదు సున్నా. ఊరికే వస్తోంది కదా అని, చేతిలో డబ్బు లేని టర్న్‌లో ఒకటి తీసుకునేవాళ్లను చూస్తుంటాను. రెండు నాణేలతో ఇంకేమీ రాదని ఎస్టేట్ కొనేవాళ్లనూ చూశాను. ఏమీ కొనకుండా టర్న్ వదిలేయడం నియమాల్లో ఉంది, వాడుకోండి. నాకైతే కొత్తవాళ్లు నేర్చుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది ఇదే అనిపిస్తుంది. చేతులు ముడుచుకుని "నేనేమీ కొనడం లేదు" అనడానికి మొహమాటం.

మా అమ్మాయి ఫోన్‌లో స్లే ద స్పైర్ ఆడుతుంది. 2019లో పూర్తిగా విడుదలైన వీడియో గేమ్ అది, ఒక్కరే ఆడతారు. ప్రతి పోరాటం తర్వాత మూడు కార్డులు చూపించి ఒకటి తీసుకోమంటుంది, వద్దని దాటేసే బొత్తామూ ఉంటుంది. అందులో దుకాణం వాడు మీ డెక్‌లోంచి ఒక కార్డు తీసేయడానికి మొదటిసారి 75 బంగారు నాణేలు అడుగుతాడు, తర్వాత ఒక్కోసారికీ 25 పెంచుకుంటూ పోతాడు. కార్డు తీసేయించుకోవడానికి ఎదురు డబ్బు కట్టడమేంటని మొదట నేను నవ్వాను. మా అమ్మాయి మాత్రం దుకాణం కనబడితే చాలు, ముందు అదే చేయించుకుంటుంది. ఆ ఆట తయారుచేసినవాళ్లకు సరుకు విలువ తెలుసు.

దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే మా అల్లుడు ఊరుకోడు. గార్డెన్స్ అనే నాలుగు నాణేల కార్డు బల్ల మీద ఉంటే కథ మారుతుంది. డెక్‌లో ఉన్న ప్రతి పది కార్డులకూ ఒక్కో గార్డెన్స్ ఒక పాయింటు ఇస్తుంది. నలభై కార్డుల డెక్‌లో అలాంటివి ఆరు ఉంటే 24 పాయింట్లు, నాలుగు ప్రావిన్స్‌లతో సమానం. నాలుగు నాణేల దాకా ఖరీదున్న కార్డును ఊరికే తెచ్చిపెట్టే వర్క్‌షాప్ కూడా ఉంటే, సన్నటి డెక్ కోసం పాకులాడకుండా దొరికిందల్లా పోగేయొచ్చు. అప్పుడు కాపర్ కూడా ముద్దే. అందుకే ఆట మొదలుపెట్టే ముందు బల్ల మీద పరిచిన పది రకాలనూ ఒకసారి నిదానంగా చదవమంటాను. ప్రతిసారీ ఆ పది మారతాయి. చెత్త తీసేసే కార్డు ఉందా, అదనపు యాక్షన్లు ఇచ్చేది ఉందా, అదనంగా కొనుక్కోనిచ్చేది ఉందా, ఎదుటివాడి డెక్‌లో కర్స్ (పాయింటు తగ్గించే చెత్త కార్డు) పడేసే విచ్ లాంటిది ఉందా. ఈ నాలుగూ చూసుకుని ఆడేవాడిని ఓడించడం కష్టం.

విచ్ మాట వచ్చింది కాబట్టి, ఐదు నాణేల సంగతి చెప్పాలి. మొదటి రెండు చేతులూ కలిపితే ఏడు నాణేలే కదా. ఆరింట ఐదు సార్లు అవి నాలుగు, మూడుగా వస్తాయి. మిగిలిన ఒక్కసారి ఐదు, రెండుగా వస్తాయి. ఆ ఐదు వచ్చినప్పుడు మీ వ్యాసం చదివిన పిల్లవాడు మూడు పాయింట్లు వస్తాయని డచీ కొంటాడు, దాని ఖరీదు ఐదే కాబట్టి. అదే ఖరీదుకు విచ్ ఉంది, లాబొరేటరీ ఉంది, మార్కెట్ ఉంది. విచ్ వేసిన ప్రతిసారీ మీకు రెండు కార్డులు, అవతలి ప్రతి ఆటగాడికీ ఒక పాయింటు తగ్గించే చచ్చిన కార్డు. మొదటి టర్న్‌లో డచీ కొన్నవాడు ఆ నష్టం నుంచి కోలుకోవడం నేను చూడలేదు. ఒకే ఖరీదులో కూడా ఏది అనేది ముఖ్యం, ఖరీదు చూసి కొంటే ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

యాక్షన్లు ఎన్ని ఉంటే అంత మంచిదన్న మాట గురించి ఎక్కువ రాయను. టర్న్‌కు వేయగలిగేది ఒకే యాక్షన్. స్మితీ మూడు కార్డులు ఇస్తుంది, బావుంటుంది. మొదటి రెండు టర్న్‌లలో ఒక స్మితీ, ఒక వర్క్‌షాప్ కొంటే, తర్వాతి రెండు చేతుల్లో ఏదో ఒకదానిలో రెండూ కలిసి వచ్చే అవకాశం పదింట మూడు. ఒకటి వేస్తారు, రెండోది చేతిలో ఉండి మిమ్మల్ని వెక్కిరిస్తుంది. స్మితీ లాగిన మూడు కార్డుల్లో వర్క్‌షాప్ రావడం ఇంకో గొడవ. విలేజ్ కార్డు రెండు యాక్షన్లు ఇస్తుంది కాబట్టి, అది ఉంటేనే స్మితీలు పెంచండి. విలేజ్ లేకపోతే ఒక స్మితీ, డెక్ పెరిగాక ఇంకొకటి, మిగతా అంతా సిల్వర్, గోల్డ్. ఈ పద్ధతిని ఆటగాళ్లు బిగ్ మనీ అంటారు. ఆడటానికి విసుగే, ఒప్పుకుంటాను. కానీ కార్డులన్నీ రంగులరంగులుగా ఉన్నాయని తలా ఒకటి కొన్నవాణ్ణి ఇది దాదాపు ప్రతిసారీ ఓడిస్తుంది. కొత్తవాళ్లను మొదట దీంతోనే ఆడమంటాను. తర్వాత తాము కట్టిన డెక్ దీన్ని ఓడించగలదో లేదో వాళ్లే కొలుచుకుంటారు.

ఇక పాయింట్లు ఎప్పుడు కొనాలి? నా దృష్టిలో ఆటలో అసలు రుచి ఇక్కడే ఉంది, మీ వ్యాసం దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఎనిమిది వస్తే ప్రావిన్స్, అందులో అనుమానం లేదు. ఆరు నాణేలు చేతిలో ఉంటే గోల్డా, డచీనా? గోల్డ్ కొన్న వెంటనే పక్క కుప్పలోకి పోతుంది. కార్డులు మళ్లీ కలిపి, అది చేతికి వచ్చాకే మూడు నాణేలు ఇస్తుంది. అది వచ్చేలోపు ఆట ముగిసేలా ఉంటే ఆ గోల్డ్ విలువ సున్నా, డచీ విలువ మూడు పాయింట్లు. ఇద్దరు ఆడేటప్పుడు ప్రావిన్స్‌లు ఎనిమిదే ఉంటాయి, ముగ్గురు నలుగురైతే పన్నెండు. ఇద్దరి ఆటలో ప్రావిన్స్‌లు నాలుగు మిగిలాయంటే నేను గోల్డ్ వైపు చూడటం మానేస్తాను. రెండు మిగిలితే ఎస్టేట్ కూడా కొంటాను. మొదట పారేసిన ఎస్టేటే చివర్లో కొనడం చూసి కొత్తవాళ్లు నవ్వుతారు. అప్పుడది మోయాల్సిన అవసరం లేదు మరి.

చివరి రెండు ప్రావిన్స్‌ల దగ్గర మాత్రం ఎనిమిది నాణేలున్నా ఆగి ఆలోచించాలి. మీరు మూడు పాయింట్లు వెనక ఉన్నారనుకోండి. ఒకటి కొంటే మూడు పాయింట్లు ముందుకు వస్తారు. ఎదుటివాడి దగ్గర ఎనిమిది ఉంటే చివరిది కొని, మళ్లీ మూడు ముందుకెళ్లి, ఆట ముగించేస్తాడు. అదే మీరు డచీ కొంటే ఇద్దరూ సమానం. ఇప్పుడు ఆ రెండు ప్రావిన్స్‌ల ముందు ఇరుక్కుపోయింది అతను. మొన్న అల్లుడికి ఇదే చేస్తే "అత్తయ్యా, ఎనిమిది పెట్టుకుని డచీయా?" అని లేచి నా కార్డులు మళ్లీ లెక్కపెట్టాడు. పాయింట్లు సమానమైతే తక్కువ టర్న్‌లు ఆడినవాళ్లదే గెలుపు, కాబట్టి ఎవరు ముందు మొదలుపెట్టారో కూడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా డొమినియన్‌కే. అన్ని డెక్ ఆటలకూ ఒకే మందు పనిచేయదు. 2014లో వచ్చిన స్టార్ రెల్మ్స్‌లో పాయింట్లే లేవు, ఎదుటివాడికి మొదట ఉండే 50 ప్రాణాలను సున్నాకు దించాలి. మధ్యలో ఐదు కార్డులే తెరిచి ఉంటాయి, మీరొకటి కొనగానే కొత్తది తెరుచుకుంటుంది. అక్కడ మీరు వదిలేసిన కార్డు అవతలివాడు ఎత్తుకుపోతాడు. అందుకని ఒక్కోసారి మీకు అంతగా అక్కర్లేనిదైనా కొనాలి. నాలుగు వర్గాల కార్డులుంటాయి, రెండు వర్గాలకు అంటిపెట్టుకుంటే ఒకదానికొకటి తోడు పలుకుతాయి. అక్కడ కూడా మొదట ఇచ్చిన స్కౌట్లు, వైపర్లు తీసేసే కార్డులు కనబడితే ముందే అందుకోవాలని నా అభిప్రాయం.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఆ పేజీకి మీవాళ్లు వేసిన ఫోటో ఏమిటో చూశారా? ఇస్పేటు ఆసు, పక్కన ఐదు వందల నోట్ల కట్ట. అది చూసి నెల్లూరు నుంచి మా అక్క ఫోన్ చేసి "ఈ వయసులో పేకాట మరిగావా?" అని చీవాట్లు పెట్టింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ మీద మన దగ్గర ఎన్ని కేసులు, ఎన్ని చట్టాలు వచ్చాయో మీకు నాకన్నా బాగా తెలుసు. రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. అయినా పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఇళ్లు గుల్ల చేస్తుంటే కేంద్రం 2025లో వాటిని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. డొమినియన్‌లో పందెం లేదు, ఆ రాగి, వెండి, బంగారం అంతా అట్టముక్కల మీద బొమ్మలే. ఈసారి కనీసం నోట్ల కట్ట తీసేయండి.

చివరగా ఒక మనవి. చదరంగానికి పత్రికల్లో చిన్న గడి ఇస్తారు, ఎత్తు కనుక్కోమంటారు. అలాగే వారానికి ఒక చేయి ఇవ్వండి. బొమ్మ కూడా అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు. మొదటిది నేనే పంపుతున్నాను, జవాబు వచ్చే వారం రాస్తాను.

ఇద్దరు ఆడుతున్నారు. విలేజ్ కుప్ప, స్మితీ కుప్ప ఖాళీ అయిపోయాయి. ఎస్టేట్ కుప్పలో ఒకే కార్డు మిగిలింది. ప్రావిన్స్‌లు ఇంకా మూడున్నాయి. మీరు రెండు పాయింట్లు ముందున్నారు. మీ చేతిలో ఎనిమిది నాణేలు, కొనగలిగేది ఒకే కార్డు. అవతలివాడి డెక్ మీ డెక్ కంటే బలమైనది. ఏం కొంటారు?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై